పల్లెల లెక్కలు చూచిన ఆడిటరు: జె. సి. కుమారప్ప

బజారులో ఒక వస్తువును కొనునపుడు దాని ధర యెంత అని అడుగుట లోకసహజము. అది ఎవరి చేతిపని, దానిని చేసినవానికి కడుపునిండ అన్నము దొరకెనా, దానికై ఖర్చయిన ప్రకృతి సంపద మరల చేతికి వచ్చునదియా, ఒకసారి పోయిన మరి రానిదియా అని అడుగువారు అరుదు. ఈ రెండవ తెగ ప్రశ్నలనే అర్థశాస్త్రమునకు ప్రాణప్రశ్నలుగా భావించి, వానికి సమాధానములు వెదకుటయందే జీవితమును ధారపోసినవారు జె. సి. కుమారప్పగారు. గాంధీజీ ఆర్థికభావములకు శాస్త్రరూపమును కల్పించినవారిలో ఆయన అగ్రగణ్యులు. అయినను ఆర్థికవేత్తల నామావళి చదువునపుడు ఆయన పేరు సాధారణముగా వినబడదు. విశ్వవిద్యాలయములు ఆయనను గాంధీజీ శిష్యులలో చేర్చి ఊరకుండినవి. గాంధీజీ శిష్యులలో పలువురు ఆయనను కోపిష్టి పండితుడని ప్రక్కకు పెట్టిరి. ఇట్లు రెండు పంక్తులకును కానివారైన ఆ మహనీయుని జీవితమును, భావములను పాఠకులకు పరిచయము చేయుట ఈ వ్యాసమునందలి మా యుద్దేశము.

కుమారప్పగారు 1892వ సంవత్సరము జనవరి 4వ తేదీన తంజావూరులో ఒక తమిళ క్రైస్తవ కుటుంబమున జన్మించిరి. తండ్రి సాలమన్ దొరైసామి కార్నీలియస్ ప్రభుత్వ పబ్లిక్ వర్క్సు శాఖలో ఉద్యోగి. తల్లి ఎస్తేరు రాజనాయగము. పుట్టినపుడు ఆయనకు పెట్టిన పేరు జోసెఫ్ చెల్లదురై కార్నీలియస్. పూర్వుల పేరైన కుమారప్ప అను నామమును ఆయన, ఆయన సోదరులు తరువాత స్వీకరించిరి. సోదరులలో నొకరైన భారతన్ కుమారప్పగారు కూడ గాంధీజీ కార్యక్రమములలో కృషిచేసి పేరుగాంచినవారే.

మద్రాసులో చదువు ముగించి ఆయన లండనునకు వెళ్ళి లెక్కల తనిఖీ విద్యను నేర్చి, పట్టా పొంది, కొంతకాల మచటనే ఉద్యోగము చేసిరి. 1919లో తల్లి కోరికపై స్వదేశమునకు తిరిగివచ్చి బొంబాయిలో స్థిరపడి, 1924లో భాగస్వామితో కలిసి సొంతముగా ఆడిట్ కంపెనీని ప్రారంభించిరి. అప్పటికి ఆయన వేషభాషలు, జీవనపద్ధతి అన్నియు ఆంగ్లేయులవే. స్వాతంత్ర్యోద్యమముతో ఆయనకు సంబంధమే లేదు. ఇతరుల జమాఖర్చులలో దాగిన తప్పును పట్టుకొనుట ఆయన వృత్తి. ఆ వృత్తియే తుదకు ఆయనను జాతీయవాదిని చేసెననుట చిత్రమే గాని నిజము.

1927లో ఆయన అమెరికాకు వెళ్ళి, సిరక్యూసు విశ్వవిద్యాలయమున వ్యాపార నిర్వహణలో పట్టము పొంది, తరువాత న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున చేరిరి. ఒకనాడు ఒక చర్చిలో భారతదేశ మెందువలన బీదదిగా నున్నదను విషయముపై ఆయన ఉపన్యసించిరి. ఆ ఉపన్యాస సారాంశము న్యూయార్కు పత్రికలో ప్రకటితమయ్యెను. దానిని చూచిన ఆచార్య సెలిగ్మన్, ప్రభుత్వ ఆదాయవ్యయముల శాస్త్రమున ఆనాటి మహాపండితుడు, ఆ విషయమునే పరిశోధనాంశముగా గైకొనుమని ప్రోత్సహించెను. కుమారప్పగారు భారతప్రభుత్వపు లెక్కలను ముందు వేసికొని కూర్చుండిరి. పన్నులు ఎవరినుండి వచ్చుచున్నవి, ఎవరికొరకు ఖర్చగుచున్నవి అని ఒక్కొక్క పద్దును పరీక్షించిరి. పన్ను చెల్లించువాడు రైతు. ఖర్చు సైన్యమునకు, వడ్డీలకు, దొరల జీతములకు. ప్రజల కర్చున కది ప్రజల లెక్క కాదని తేలిపోయెను. పరాయి కంపెనీ లెక్కలు చూచుటకు కూర్చున్న ఆడిటరు తన యింటి దొంగతనమునే కనుగొనినట్లయ్యెను.

1929లో పరిశోధన వ్యాసముతో స్వదేశము చేరిన కుమారప్పగారు దానిని ప్రచురింపదలచిరి. గాంధీజీకి చూపుమని ఒక మిత్రుడు సలహా యిచ్చెను. ఆ సంవత్సరము మే 9వ తేదీన సబర్మతీ ఆశ్రమమునకు పట్టుసూటు ధరించి, చేతికఱ్ఱతో వెళ్ళిరి. చెప్పిన వేళకు ముందే వచ్చుటచే నది యొడ్డున నటునిటు తిరుగుచుండగా, ఒక చెట్టు క్రింద, పేడతో అలికిన నేలపై కూర్చుండి నూలు వడకుచున్న ఒక వృద్ధుడు కనిపించెను. ఆయనయే గాంధీజీ యని తెలిసికొనుటకు కొంత సమయము పట్టెను. తెలిసిన తరువాత సూటు నలుగునను జంకు విడిచి కుమారప్పగారు ఆ నేలపైననే కూర్చుండిరి. గాంధీజీ ఆ వ్యాసమును యంగ్ ఇండియా పత్రికలో ప్రకటించుట కంగీకరించి, దానితోపాటు మరియొక పని చెప్పిరి: గుజరాతులో ఒక గ్రామీణ ప్రాంతపు ఆర్థికస్థితిని పరిశీలించి నివేదిక వ్రాయవలెను. ఆ పనికై గుజరాతు విద్యాపీఠమును చూచుచున్న కాకా కాలేల్కరుగారిని కలిసికొనగా, గుజరాతీ రాని ఈ సూటు మనిషి పల్లెలలో నేమి చేయగలడని ఆయన మొదట సందేహించిరి. కుమారప్పగారు బొంబాయికి మరలిపోయిరి. పిమ్మట పిలుపు వచ్చెను, మరల వెళ్ళిరి. ఆ వెళ్ళుట తిరిగిరాని వెళ్ళుట. బొంబాయి ఆడిట్ కంపెనీ ఆయనను మరల చూడలేదు.

ఖేడా జిల్లాలోని మాతర్ తాలూకాలో 54 గ్రామములను విద్యాపీఠ విద్యార్థుల సాయమున ఆయన పరిశీలించిరి. ఎంత భూమి, ఎన్ని ఎద్దులు, ఎంత పంట, ఎంత శిస్తు, ఎంత అప్పు అని ఇల్లిల్లు తిరిగి అడిగించి వ్రాయించిరి. అట్టి పరిశీలన మన ఆంధ్రదేశమునకు కొత్తది కాదు. ఆచార్య రంగాగారు 1926లోనే డెల్టా గ్రామముల ఆర్థికవ్యవస్థను గూర్చి గ్రంథము ప్రకటించియుండిరి. మాతర్ నివేదిక ప్రత్యేకత ఆడిటరు దృష్టి. ఒక కంపెనీ నష్టములో నున్నచో యజమానికి లాభము పంచిపెట్టుట న్యాయము కాదు గదా. రైతు సేద్యము నష్టములో నుండగా ప్రభుత్వము శిస్తు గైకొనుట అటువంటిదే యని ఆ లెక్కలు తెలుపుచుండెను. 1931లో వెలువడిన ఆ గ్రంథము గ్రామ పరిశీలనలకు మార్గదర్శకమయ్యెను.

ఉప్పు సత్యాగ్రహ కాలమున గాంధీజీ జైలులో నుండగా యంగ్ ఇండియా సంపాదక భారము కుమారప్పగారిపై పడెను. క్రైస్తవులైన ఆయన, అహింసాయుత ప్రజలపై లాఠీలు విరుగుచుండగా క్రైస్తవ సంఘాధిపతులు మౌనము వహించుటను నిష్కర్షగా ప్రశ్నించిరి. రాజద్రోహ నేరముపై 1931లో జైలునకు పోయి, గాంధీ ఇర్విన్ ఒడంబడికచే విడుదలై, 1932లో మరల జైలునకు పోయిరి. ఈ రెండు జైళ్ళ నడుమ దొరకిన వ్యవధిలో కరాచీ కాంగ్రెసు నియమించిన సంఘమునకు సంచాలకులై, బ్రిటనునకు భారతదేశము ఋణపడెనని చెప్పబడుచున్న మొత్తమును పరీక్షించిరి. భూలాభాయి దేశాయి, కె. టి. షా, బహదూర్జీ గార్లు తక్కిన సభ్యులు. మన దేశమును జయించుటకైన ఖర్చును, పొరుగుదేశములపై యుద్ధములకైన ఖర్చును మన ఖాతాలోనే వ్రాసిరని ఆ సంఘము చూపెను. సామ్రాజ్యము పుస్తకమున కిట్లు తనిఖీ జరుగుట అపూర్వము.

ప్రభుత్వపు లెక్కలయందెంత నిష్కర్షయో సొంతవారి లెక్కలయందును ఆయనకంత నిష్కర్ష. 1934 జనవరి 15వ తేదీన బీహారులో ఘోర భూకంపము సంభవించెను. రాజేంద్రప్రసాదుగారి ఆధ్వర్యవమున ఏర్పడిన సహాయ సంఘమునకు కుమారప్పగారు ఆర్థిక సలహాదారులైరి. కార్యకర్త యొక్కొక్కరికి దినమునకు మూడణాలు భోజన వెచ్చము అని నియమము చేసిరి. గాంధీజీ పరివారముతో వచ్చినపుడు వారి ఖర్చు ఆ హద్దును మించుననియు, ఆ మొత్తమును సహాయనిధినుండి ఇయ్య వీలులేదనియు మహాదేవ దేశాయిగారికి కుమారప్పగారు చెప్పివేసిరట. విన్నవారు నివ్వెరపోయిరి. గాంధీజీ మాత్రము కారణ మడిగి తెలిసికొని సంతోషించిరి. భూకంపబాధితులకై ప్రజలు ఇచ్చిన పైకము ఎవరి కొరకిచ్చిరో వారికే చెందవలెనను సూత్రమున కాయన మహాత్మునికైనను మినహాయింపు నీయలేదు. మన సార్వజనిక సంస్థలలో ఈ ఒక్క సూత్రము నిలిచియుండినచో ఎన్ని అపనిందలు తప్పియుండెడివో పాఠకులే ఊహింపగలరు.

ఆ సంవత్సరమే డిసెంబరు 14వ తేదీన వార్ధాలో అఖిలభారత గ్రామోద్యోగ సంఘము స్థాపింపబడెను. కుమారప్పగారు దాని కార్యదర్శి. జమ్నాలాల్ బజాజ్ గారిచ్చిన తోటలో, గాంధీజీ బంధువును సహచరుడును అయిన మగన్‌లాల్ పేర వెలసిన మగన్‌వాడి ఆ సంఘమునకు నిలయమయ్యెను. అచట జరిగిన పని ఉపన్యాసములు కావు, ప్రయోగములు. గానుగ, తిరుగలి, రోకలి, కాగితపు తొట్టి, తేనెపెట్టె, సబ్బు కాగు: ఇవి ఆ విద్యాలయమున పాఠ్యగ్రంథములు. జవేర్‌భాయి పటేలుగారు పాత గానుగను సంస్కరించి ఎద్దు శ్రమ తగ్గునట్లు, నూనె దిగుబడి హెచ్చునట్లు చేసిరి. కిరసనాయిలుకు బదులు ఊరిలో దొరకు నూనెతో వెలుగు మగన్ దీపమను లాంతరును తయారుచేసిరి. ఆ పనులను చూపుటకై ఏర్పడిన మగన్ సంగ్రహాలయమును 1938 డిసెంబరు 30వ తేదీన గాంధీజీ ప్రారంభించిరి.

ఈ ప్రయోగములు చాదస్తమని నవ్వినవారు లేకపోలేదు. కాని ఒక్కొక్క దాని వెనుకనున్న లెక్కను చూడుడు. వడ్లు దంచినపుడు బియ్యముపై తవుడు పొర కొంత నిలుచును; శరీరమునకు కావలసిన విటమిను ఆ పొరలో నున్నది. మిల్లు బియ్యమును తెల్లగా పాలిషు పట్టి ఆ పొరను తీసివేయును. అన్నము తెల్లబడును, తినువాడు బలహీనపడును, దంచి బ్రతికెడి స్త్రీ కూలి పోగొట్టుకొనును. గానుగలో నూనె ఊరిలోనే ఆడినచో చెక్క ఊరి పశువునకు దక్కును. పశువు పేడ పొలమునకు దక్కును. గింజలు పట్టణపు మిల్లునకు పోయినచో చెక్కను రైతు మరల డబ్బిచ్చి కొనవలెను. తాటిచెట్టు ఏ పైరును పండని గట్టుపై, ఇసుకనేలపై పెరుగును. దాని నీరానుండి బెల్లము తీసినచో, చెఱకు పండు మంచి భూమి వరికి, అపరాలకు మిగులును. కల్లుగీత మానిన గీతకార్మికునకు పని దొరకును. తాటితోపులు విస్తారముగాగల మన కోస్తా జిల్లాలకును తెలంగాణమునకును ఈ చివరి మాట మిక్కిలి దగ్గరిది. ఇందులో ఏదియు పాతకాలముపై మోజు కాదు. మిల్లు లెక్కలో కనిపించని పద్దులను గూడ చేర్చి కూడిన కూడిక మాత్రమే.

ఈ లెక్కలనన్నిటిని ఒక దర్శనముగా కూర్చిన గ్రంథము ఆయన ప్రధానకృతి ‘ఎకానమీ ఆఫ్ పర్మనెన్స్’. శాశ్వతత్వమునకు పునాదియైన అర్థనీతి యని మనము చెప్పుకొనవచ్చును. క్విట్ ఇండియా కాలమున జబల్పూరు జైలులో నుండగా దానిని వ్రాసిరి, 1945లో వెలువడెను. ఏసుక్రీస్తు బోధలను ఆచరణదృష్టితో వివరించిన మరియొక గ్రంథమును ఆ జైలులోనే వ్రాసిరి. రెండింటికి గాంధీజీ పీఠికలు వ్రాసి, పరిహాసముగా ఆయనకు గ్రామోద్యోగముల డాక్టరు బిరుదము నిచ్చిరి.

ఆ గ్రంథమున ఆయన ప్రకృతిలోని జీవులను చూచి అర్థవ్యవస్థలను ఐదు తరగతులుగా విభజించిరి. పులి మేకను చంపి తినును. తన కన్నమిచ్చు మూలమునే నాశనము చేయును. ఇది పరాన్నభుక్కుల వ్యవస్థ. కోతి మామిడిచెట్టునకు నీరు పోయదు, ఎరువు వేయదు. పండ్లు మాత్రము తినిపోవును. చెట్టు చావదు గాని దానికి మేలును లేదు. ఇది అపహరణ వ్యవస్థ. తేనెటీగ పూవునుండి మధువును గైకొనును. దానివలన పూవు ఫలించును. తన శ్రమతో పట్టును కట్టును. ఇది స్వయంకృషి వ్యవస్థ. ఆ తేనెటీగయే తన కొరకు గాక పట్టు అంతటి కొరకు కూడబెట్టునపుడు అది సంఘజీవన వ్యవస్థ. తల్లిపక్షి తాను పస్తుండియైనను పిల్లల నోట మేత పెట్టును; ప్రతిఫలము కోరదు. ఇది సేవా వ్యవస్థ, అన్నిటికంటె ఉన్నతమైనది. మనుష్యులును జాతులును ఈ మెట్లలో ఏదో యొకదానిపై నుందురు. సొమ్ములకై పసిబిడ్డను చంపు దొంగ పులి మెట్టున నున్నాడు. జేబులు కత్తిరించువాడు కోతి మెట్టున నున్నాడు. సామ్రాజ్యముల నాయన మొదటి రెండు మెట్లు దాటనీయలేదు.

రెండవ విభాగము ఇంతకంటెను ముఖ్యము. ప్రకృతి మనకు రెండు విధముల సంపద నిచ్చినది. బొగ్గు, రాతినూనె, ఇనుము, రాగి మొదలగునవి తొట్టిలో నిలిచిన నీటివంటివి, తోడినకొలది తరుగును. సూర్యరశ్మి, వాన, అడవి, పంట, పశువు ఇవి ప్రవహించు వాగువంటివి. తెలివిగా వాడుకొన్నచో ఏటేట వచ్చుచుండును. తొట్టినీటిపై జీవితమును కట్టుకొన్న జాతి, తొట్టి అడుగంటకముందే పొరుగువాని తొట్టివైపు చూడక తప్పదు. రెండవ ప్రపంచయుద్ధము జరుగుచుండగా జైలులో కూర్చుండి కుమారప్పగారు ఈ వాక్యార్థమును ప్రకటించిరని గుర్తుంచుకొనవలెను. నూనెబావులకై జరుగు పోరాటము ఏవరో దుష్టులవలన మాత్రమే కలిగినది కాదనియు, అది ఆ జీవనవిధానములోనే ఇమిడియున్నదనియు ఆయన సిద్ధాంతము. శాంతి కావలెనన్నచో సంధిపత్రములకంటె ముందు వంటింటిలోను, పొలములోను, వాహనములోను దేనిని కాల్చుచున్నామో చూచుకొనవలెను.

ద్రవ్యమును గూర్చి ఆయన చెప్పినది సులభముగా అందరకును అర్థమగును. అరటిపండ్లమ్మువానివద్ద గంపెడు పండ్లున్నవి. కొనువానివద్ద రూపాయి యున్నది. పండు రెండుదినములలో కుళ్ళిపోవును, రూపాయి కుళ్ళదు. కావున రూపాయిగలవాడు వేచియుండగలడు, పండ్లవాడు వేచియుండలేడు. బేరము మొదటినుండియే సమానము కాదు. పంట చేతికి రాగానే అమ్ముకొనవలసిన మన రైతు స్థితి ఇదియే. మదుపు పెట్టి ధాన్యమును కొని కొట్లలో నింపినవాడు ఎండకాలమువరకు ఆగును. ద్రవ్యము కేవలము మారకమునకు సాధనమని పుస్తకములు చెప్పును. అది బలవంతుని చేతి ఆయుధముకూడ నని కుమారప్పగారు కనిపెట్టిరి.

అట్లని యంత్రములన్నిటిని సముద్రములో పారవేయుమని ఆయన అనలేదు. ఈ వ్యాసమును చదువు గృహములలో రేడియో యున్నది. అది గ్రామపు కొలిమిలో తయారగు వస్తువు కాదు. రైళ్ళు, విద్యుత్తు, పెద్ద యంత్రముల నిర్మాణము కేంద్రీకృతముగానే జరుగవలసియున్నవని ఆయన అంగీకరించిరి. అవి లాభాపేక్ష లేక ప్రజలపక్షమున ప్రభుత్వముచే నడుపబడవలెననిరి. అన్నము, బట్ట, ఇల్లు, నూనె, బెల్లము వంటి నిత్యావసర వస్తువులు మాత్రము ఎచట వాడబడునో అచటనే తయారుకావలెను. యంత్రము మనిషి చేతిలో పనిముట్టుగా నుండవచ్చును గాని మనిషి యంత్రము చేతిలో పనిముట్టు కాకూడదు. లక్షమంది జనాభాకు సమతుల్యాహారము సమకూర్చుటకు ఏ పంట ఎంత భూమిలో వేయవలెనో ఆయన పట్టికలు కట్టిరి. తిండిగింజలు చాలని దేశమున మంచి భూమిని మిల్లు చెఱకునకో పొగాకునకో ఇచ్చుటకు ముందు సంఘము అనుమతి ఉండవలెననిరి. పొగాకు రొక్కముతో ఇళ్ళు కట్టుకొన్న గుంటూరు జిల్లా రైతునకు ఈ మాట రుచింపదు. రైతు అప్పు తీరుటకు రొక్కపు పంటయే దారియైనచో తప్పు రైతుదా, ఆ దారినొక్కటే తెరచియుంచిన వ్యవస్థదా అని తిరిగి అడుగుట ఆ భావమునందలి బలము.

దేశనాయకులతో ఆయనకు పొత్తు కుదిరినది తక్కువ. 1938లో నెహ్రూగారి అధ్యక్షతన ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘములో గ్రామోద్యోగ సంఘమువారి పక్షమున సభ్యులై, ఆ సంఘపు దృష్టి పెద్ద పరిశ్రమలపైననే యున్నదని గ్రహించి వైదొలగిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట కాంగ్రెసు వ్యవసాయ సంస్కరణల సంఘమునకు అధ్యక్షులైరి. 1949లో వెలువడిన ఆ సంఘ నివేదిక మన దేశ భూమి చరిత్రలో చిరస్మరణీయము. ప్రభుత్వమునకును దున్నువానికిని మధ్యవర్తు లుండరాదు. వితంతువులకు, మైనరులకు, అంగవికలురకు తప్ప ఇతరులకు కౌలుకిచ్చు హక్కు ఉండరాదు. సొంతసేద్యమనగా కొంతయైనను ఒళ్ళువంచి పనిచేయుట. ఒక కుటుంబమునకు గిట్టుబాటగు కమతమునకు మూడు రెట్లు గరిష్ఠపరిమితి. ఆరేండ్లు ఎడతెగక దున్నిన కౌలుదారునకు భూమిపై హక్కు. ఆచార్య రంగాగారును, రామస్వామి రెడ్డియారుగారును ఆ నివేదికకు భేదాభిప్రాయ పత్రమును జతచేసిరి. మద్రాసు రాష్ట్రమున 1948లో ఎస్టేటుల రద్దు చట్టము, హైదరాబాదు రాజ్యమున 1950లో కౌలుదారీ చట్టము వచ్చిన కాలమది. తెలంగాణమున భూమికై నెత్తురు చిందుచున్న కాలమది. పట్టణములలో కూర్చుండి భూమినుండి అద్దె వసూలు చేయువారికి ఆ నివేదిక పిడుగువలె తోచెననుటలో ఆశ్చర్యము లేదు. నివేదికలోని సూత్రములను రాష్ట్రములు సగము సగముగా, సవరణలతో, ఆలస్యముగా చట్టములందు చేర్చుకొన్నవి. ఆ ఆలస్యమునందే భూములు బంధువుల పేర్లకు మారినవి.

కుమారప్పగారి సిద్ధాంతములకు ఆక్షేపణలు లేవని చెప్పుట మాకు సమ్మతము కాదు. మొదటిది, గ్రామము ఆయన భావించినంత నిర్మలమైనది కాదు. 1948 నవంబరు 4వ తేదీన రాజ్యాంగసభలో అంబేద్కరుగారు గ్రామమును సంకుచితత్వమునకు, అజ్ఞానమునకు, కులతత్వమునకు నెలవుగా వర్ణించిరి. ఊరిబావి దగ్గరకు పోనీయబడనివానికి ఊరి స్వయంసమృద్ధి ఎవరి సమృద్ధి అను ప్రశ్న తప్పదు. వృత్తులు కులములతో పెనవైచుకొన్న దేశమున గ్రామోద్యోగము పేర పుట్టుకతోనే పని నిర్ణయమగునేమో యను భయము నిరాధారము కాదు. కుమారప్పగారి సేవా వ్యవస్థలో కులభేదమునకు చోటు లేకపోయినను, ఆ భేదమును కరగించు ఉపాయము ఆయన అర్థశాస్త్రములో పూర్తిగా దొరకదు. రెండవది, మిల్లుతో పోటీపడు చేతిపనివానికి చాలినంత కూలి ముట్టుటెట్లు? కొనువాడు ధర్మబుద్ధితో హెచ్చుధర యిచ్చి కొనవలెనని ఆయన సమాధానము. ఉత్పత్తిలో జరిగిన అన్యాయమునందు కొనువానికిని భాగమున్నదని ఆయన గట్టిగా నమ్మిరి. కాని బీదవాడు బీదవాని సరుకును హెచ్చుధరకు కొనుట ఎట్లు సాధ్యము? ఈ చిక్కుముడి నేటికిని విడిపోలేదు.

అయితే ఆయనను ఖండించినవారి దారిలోను ముళ్ళు లేకపోలేదు. ట్రాక్టరు పేడ వేయదనియు, రసాయనిక ఎరువు నేలకు సారా వంటిదనియు వాదించిన గాంధేయులను చూచి 1950 ప్రాంతమున నవ్విరి. హరితవిప్లవమువలన తిండిగింజలు పెరిగినమాట నిజము. ఆకలి తగ్గినమాట నిజము. భూగర్భజలము అడుగంటుట, నేలసారము చెడుట, పెట్టుబడి అప్పులలో మునిగిన రైతులు ప్రాణములు తీసికొనుట గూడ అంతే నిజము. ఈ దురవస్థ తెలుగునేలకు మిక్కిలి తెలిసినదే. బొగ్గు, నూనె కాల్చుటవలన భూగోళమే వేడెక్కుచున్నదని శాస్త్రజ్ఞులు నేడు నిరూపించియున్నారు. తొట్టినీరు తరుగునని మాత్రమే కుమారప్పగారు హెచ్చరించిరి. తోడిన నీరే ఇంటిని ముంచునని నేడు తేలినది.

1951లో చీనా, జపాను దేశములను, 1952లో రష్యాను ఆయన సందర్శించిరి. చీనా భూసంస్కరణలను మెచ్చుకొనుటకు సంకోచింపలేదు. వార్ధా సమీపమున సేల్డో గ్రామములో కొంతకాలము సేద్యప్రయోగములు సాగించి, ఆరోగ్యము క్షీణింపగా మధుర జిల్లా కల్లుపట్టిలోని గాంధీనికేతన ఆశ్రమమునకు చేరిరి. వివాహము చేసికొనలేదు, ఆస్తి కూడబెట్టలేదు, పదవి కోరలేదు. 1960 జనవరి 30వ తేదీన, గాంధీజీ వర్ధంతినాడే, మద్రాసులో కన్నుమూసిరి. 1973లో షూమాకర్ అను ఆర్థికవేత్త చిన్నదనమే అందమని చాటిన తన ప్రఖ్యాత గ్రంథమున కుమారప్పగారి వాక్యములను ప్రమాణముగా ఉదాహరించెను. ఆ గ్రంథమును చదివి పరవశించిన మన విద్యావంతులలో ఎందరు వాని మూలమును వెదకిరో తెలియదు.

ఒక దేశము జమాఖర్చు పుస్తకములో ఏవి పద్దులు, ఏవి కావు అని నిర్ణయించువాడే ఆ దేశపు నిజమైన పాలకుడు. అడవి నరికినచో కలప ధర జమలో పడును. అడవి పోయిన నష్టము ఖర్చులో పడదు. తల్లి వండిన వంట లెక్కకు రాదు. హోటలు వంట లెక్కకు వచ్చును. ఈ పుస్తకమును సరిదిద్దుమని కుమారప్పగారు కోరిరి. ఆయన చెప్పిన ప్రతి చికిత్సను మనము స్వీకరింపకపోవచ్చును. మిల్లు బియ్యము మానకపోవచ్చును. గానుగనూనె అందరకును అందకపోవచ్చును. కాని ఆడిటరు చూపిన తప్పును పద్దు మార్చకుండ సంతకము చేసి పంపివేయుట ఏ గృహస్థునకును, ఏ ప్రభుత్వమునకును క్షేమము కాదు.